తమ్ముడు నిర్దోషా, ‘ఎలాగో బయటపడ్డాడా’?

ప్రశ్న: నమస్కారమండీ. నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. మా తమ్ముడు మా మండలంలోని ఒక సహకార సంఘంలో గుమాస్తాగా చేసేవాడు. 2019లో గోడౌన్‌లో యూరియా బస్తాలు తగ్గాయని వాడి మీద పోలీసు కేసు పెట్టారు. కొన్నాళ్ళు సబ్‌జైల్లో ఉన్నాడు, ఉద్యోగం పోయింది. మొన్న సంక్రాంతి ముందు మేజిస్ట్రేట్ కోర్టులో తీర్పు వచ్చింది. కేసు గెలిచామని మేం స్వీట్లు పంచితే, ఎదురింటాయన ‘సంశయ లబ్ధి కింద వదిలేశారటగా, నిర్దోషి అని అన్లేదటగా’ అన్నాడు. ఊళ్ళో ‘ఎలాగో బయటపడ్డాడు’ అంటున్నారు. తమ్ముడికి ఇప్పుడు వేరే ప్రభుత్వ ఉద్యోగం వచ్చేలా ఉంది. అటెస్టేషన్ ఫారంలో కేసుల గురించి ఒక కాలమ్ ఉంది. ఒక పెళ్ళి సంబంధం కూడా నడుస్తోంది. నాన్నగారేమో ‘కడిగిన ముత్యంలా బయటికొచ్చాడు’ అని బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టిస్తానని పట్టుబట్టారు. అసలు వాడికి ఏ మాట వర్తిస్తుంది? ఎక్కడ ఏమని చెప్పాలి? తీర్పు కాపీ ఫొటోలు పంపుతున్నాను.
— ఒక అక్క, పల్నాడు జిల్లా

జవాబు:

అమ్మా,

ముందు జవాబు చెప్పేస్తాను, వివరం తర్వాత. మీ తమ్ముడు నిర్దోషి. ఎదురింటాయన చెప్పింది తప్పు. తీర్పు చివరి పేజీలో సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 248(1) అని ఉంది కదా, ఆ సెక్షన్ ఏమంటుందంటే, నిందితుడు దోషి కాదని మేజిస్ట్రేటు తేల్చుకున్నప్పుడు నిర్దోషిగా విడుదల చేస్తూ ఉత్తర్వు రాయాలి. అంటే ‘దోషి కాదు’ అని తేల్చకుండా ఆ సెక్షన్ కింద ఎవర్నీ వదలడం కుదరదు. ‘సంశయ లబ్ధి’ అంటే సందేహం ఉంటే అది ముద్దాయికే మేలు చేయాలని; ఆ నిర్ణయానికి ఎలా వచ్చారో చెప్పే మాట అది. నిర్దోషికీ దోషికీ మధ్య ఇంకో గది ఉందనీ, మీ వాణ్ణి అందులో కూర్చోబెట్టారనీ కాదు.

అలాంటి గది ఉన్న దేశం ఒకటి ఉండేది. స్కాట్లాండ్ కోర్టుల్లో ‘దోషి’, ‘దోషి కాదు’తో పాటు ‘రుజువు కాలేదు’ అనే మూడో తీర్పు కొన్ని వందల ఏళ్ళు నడిచింది. విడుదలయ్యేవాడే గానీ, ఊరు వాణ్ణి అనుమానంగానే చూసేది. 2025లో అక్కడి పార్లమెంటు దాన్ని ఎత్తేస్తూ చట్టం చేసింది. మన దగ్గర ఆ మూడో తీర్పు చట్టంలో ఎప్పుడూ లేదు, ఎదురింటి అరుగుల మీదే ఉంది.

అయితే ఎదురింటాయన మాటలో ఏమీ లేదని కొట్టిపారేయడానికీ లేదు. ఒకే ‘నిర్దోషి’ మాట వెనక రకరకాల తీర్పులు ఉంటాయి. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఆ తేడా చూస్తారు, చూసే హక్కు వాళ్ళకుందని సుప్రీంకోర్టే చెప్పింది. కాబట్టి మీరు ఆ తేడాలు తెలుసుకోవాలి.

మన వాళ్ళు మాట్లాడే మాటల నుంచే మొదలుపెడదాం. ‘కేసు పోయింది’ అనండి. ఫిర్యాదు చేసినవాడు అంటే ఓడిపోయాడని, ముద్దాయి తాలూకు వాళ్ళు అంటే పీడ వదిలిందని. ‘కేసు కొట్టేశారు’ అంటే హైకోర్టు ఎఫ్‌ఐఆర్ కొట్టేసిందో, మేజిస్ట్రేటు విచారించి తీర్పిచ్చాడో, ఫిర్యాది వాయిదాలకు రాక మూలపడిందో వినేవాడికి తెలియదు. ‘బయటికొచ్చాడు’ అంటే బెయిలు మీద వచ్చినా అదే మాట. ‘బయటపడ్డాడు’ ఇంకా గడుసుది. కష్టంలోంచి బయటపడ్డాడంటే సానుభూతి, దానికి ముందు ‘ఎలాగో’ చేర్చారా, అది నిందే. ఎవరూ దొంగ అనలేదు, అయినా దొంగ అన్నట్టే వినిపిస్తుంది. అందుకే మీ ఇంట్లో వాళ్ళెవరూ ఈ నాలుగు మాటలూ వాడొద్దు. మీ అమ్మగారు కూడా పక్కింటావిడతో ‘ఏదో దేవుడి దయవల్ల బయటపడ్డాడమ్మా’ అంటూ ఉండి ఉంటారు. ఆ మాట ఊళ్ళోకి వెళ్ళేసరికి దేవుడు ఎగిరిపోయి ‘ఏదో’ మిగులుతుంది.

మీ నాన్నగారి ముత్యం సంగతికి వస్తాను. ఆయన బాధ నాకర్థమైంది. ఆయన కోరుకుంటున్నది వినాయక చవితి కథలో కృష్ణుడికి దక్కినలాంటిది. భాద్రపద శుద్ధ చవితినాడు చంద్రుణ్ణి చూసినందుకు కృష్ణుడికి నీలాపనింద వచ్చింది. శమంతకమణి కోసం ప్రసేనుణ్ణి చంపేశాడని సత్రాజిత్తు చాటించాడు. కృష్ణుడు ఏం చేశాడు? ‘నేను చేశానని నువ్వు రుజువు చెయ్యి’ అని కూర్చోలేదు. ఊరి వాళ్ళని వెంటబెట్టుకుని అడవికి వెళ్ళి ప్రసేనుడి శవం చూపించాడు, సింహం అడుగులు చూపించాడు, ఆ తర్వాత భల్లూకం అడుగులు చూపించాడు, గుహలోకి దూరి జాంబవంతుడితో పోరాడి మణి తెచ్చి సభలో పెట్టాడు. ఏటా అక్షతలు పట్టుకుని మనం చదివే ‘సింహః ప్రసేనమవధీత్’ శ్లోకం ఉంది చూశారా, సింహం ప్రసేనుణ్ణి, సింహాన్ని జాంబవంతుడు అంటూ మణి ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్ళిందో వరసగా చెప్పే సాక్ష్యం అది. చివరికి నింద వేసిన సత్రాజిత్తే సిగ్గుపడి సత్యభామనిచ్చి పెళ్ళి చేశాడు. పోయిన వస్తువు దొరకాలి, తీసిందెవరో తేలాలి, నింద వేసినవాడే తల దించుకోవాలి. మనం ‘కడిగిన ముత్యం’ అనేది దీన్నే.

క్రిమినల్ కోర్టు ఈ పని పెట్టుకోదు. బస్తాలు ఎవరు తీశారు అన్నది దాని ముందున్న ప్రశ్న కాదు. ఫలానా మనిషి తీశాడని పోలీసులు సందేహానికి తావు లేకుండా రుజువు చేశారా లేదా, అంతే. లేదు అంటే నిర్దోషి. అసలు దొంగని పట్టుకొచ్చి సభలో నిలబెట్టడం తీర్పులో భాగం కాదు. మీ నాన్నగారు కోర్టు ఇవ్వని దాన్ని ఫ్లెక్సీ మీద రాయించుకోవాలని చూస్తున్నారు.

కోర్టు మెట్ల మీద అంత పెద్ద విడుదల దొరికినవాళ్ళు అసలు లేరా అంటే, ఉన్నారు. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ కేసు తీసుకోండి. 1994లో గూఢచర్యం ఆరోపణ మీద కేరళ పోలీసులు అరెస్టు చేశారు. సీబీఐ దర్యాప్తు చేసి, ఆరోపణలే అబద్ధమని 1996లో కోర్టుకు రిపోర్టిచ్చింది. ఆయన మీద విచారణే జరగలేదు, ‘నిర్దోషి’ అనే తీర్పూ లేదు. కాగితం మీద అది ఉత్త డిశ్చార్జి, అంటే విచారణకు ముందే వదిలేయడం. అయినా మన వాళ్ళ తీర్పుల్లో చాలావాటికన్నా గట్టిది, ఎందుకంటే నేరం చేసింది ఇతను కాదు అనడం కాదు, నేరమే జరగలేదన్నారు. 2018లో సుప్రీంకోర్టు 50 లక్షల పరిహారం ఇమ్మంది, మరుసటి ఏడాది పద్మభూషణ్ వచ్చింది. మన దగ్గర, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007లో జరిగిన విద్యార్థిని హత్య కేసు అందరికీ గుర్తుండే ఉంటుంది. కింది కోర్టు శిక్ష వేసిన యువకుణ్ణి 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా తేల్చి, పరిహారం కూడా ఇమ్మంది. చనిపోయిన అమ్మాయి తల్లే మొదటినుంచీ ఇతను కాదు, ఇతను కాదు అని మొత్తుకున్నారు. అంత జరిగాక కూడా ఆ అబ్బాయికి జైల్లో పోయిన ఏళ్ళు తిరిగి రాలేదనుకోండి.

చూశారుగా, డిశ్చార్జి అన్న చిన్న మాట వెనక పెద్ద విడుదల ఉండొచ్చు, ‘నిర్దోషి’ అన్న పెద్ద మాట వెనక సాక్షులు అడ్డం తిరిగిన కథ తప్ప ఇంకేమీ లేకపోవచ్చు. అందుకని పేరు ఒక్కటే చూడకూడదు, కేసు ఏ మెట్టు మీద ఆగింది, ఎందుకు ఆగింది అన్నది చూడాలి.

మెట్లు కొంచెం త్వరగా చెబుతాను, మీ వాడికి సంబంధించినవి తక్కువే గనుక. బెయిలు విడుదలే గానీ నింద నుంచి విడుదల కాదు, కేసు అలాగే ఉంటుంది. పోలీసులే దర్యాప్తు చేసి కేసు మూసేస్తూ కోర్టుకు రిపోర్టు పంపొచ్చు. అందులోనూ తేడాలున్నాయి. స్టేషన్ భాషలో ‘మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్’ అంటే ఫిర్యాదిదారు పొరబడ్డాడని, ‘ఫాల్స్’ అంటే కావాలని పెట్టిన కేసని, ‘లాక్ ఆఫ్ ఎవిడెన్స్’ అంటే ఆధారం చాల్లేదని. మొదటి రెండూ దొరికితే పట్టుకుని భద్రంగా దాచుకోవాలి. మూడోది రేపు కొత్త ఆధారం దొరికితే మళ్ళీ తెరుచుకోగలదు. ఏదైనా సరే కోర్టు ఒప్పుకోవాలి, ఫిర్యాదిదారుకు నోటీసిచ్చి అతని మాట వినాలి. చార్జిషీటు పడ్డాక, అభియోగాలు మోపకముందే ఇందులో పస లేదని జడ్జి వదిలేస్తే డిశ్చార్జి. విచారణ అంతా నడిచాక వదిలితే అక్విట్టల్, అంటే నిర్దోషిగా విడుదల. అక్విట్టల్ అయిన మనిషిని అదే నేరానికి మళ్ళీ విచారించకూడదు. డిశ్చార్జికి ఆ రక్షణ లేదు.

రాజీ ఇంకో రకం. లోక్ అదాలత్‌లో ఇద్దరూ కూర్చుని సంతకాలు పెడితే, రాజీకి వీలున్న నేరాలైతే, చట్టప్రకారం దానికీ నిర్దోషిగా విడుదలైన ఫలితమే. తప్పు ఎవరిదో ఎవరూ తేల్చలేదు, తేల్చొద్దనే కదా రాజీ. ప్రభుత్వం కేసు ఎత్తేయడం కూడా అంతే. తెలంగాణ ఉద్యమ కాలంలో పెట్టిన కేసులు తర్వాత ప్రభుత్వం ఎత్తేసింది గుర్తుందా? ప్రభుత్వం జీవో ఇచ్చినంత మాత్రాన సరిపోదు, పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో అడగాలి, కోర్టు ఒప్పుకోవాలి. అభియోగాలు మోపకముందైతే డిశ్చార్జి, తర్వాతైతే అక్విట్టల్. ముద్దాయి చనిపోతే కేసు మూసేస్తారు. పాపం ఆ మనిషికి దోషి అన్న ముద్రా పడదు, నిర్దోషి అన్న మాటా దక్కదు.

ఇక జనం ‘వదిలేశారు’ అనేవాటిలో అసలు నిర్దోషిత్వమే లేనివి రెండున్నాయి. గవర్నరో రాష్ట్రపతో ఇచ్చే క్షమాభిక్ష ఒకటి. క్షమించాలంటే ముందు తప్పు తేలాలి కదా! రిపబ్లిక్ డేకో ఆగస్టు 15కో సత్ప్రవర్తన మీద వదిలేవాళ్ళది కూడా శిక్ష తగ్గడమే. రెండోది 1958 నాటి ప్రొబేషన్ చట్టం. చిన్న నేరమైతే, మొదటి తప్పయితే, జడ్జి మందలించి ఇంటికి పంపేయొచ్చు. జైలు లేదు కాబట్టి ఇంట్లోవాళ్ళు ‘కేసు కొట్టేశారు’ అని చెప్పుకుంటారు. కానీ ఆ మనిషి దోషి. కాకపోతే ఆ శిక్ష వల్ల ఉద్యోగాలకూ వాటికీ అనర్హత రాకుండా ఆ చట్టమే ఒక రక్షణ ఇచ్చింది.

‘క్లీన్ చిట్’ అనే మాట పేపర్లలో, టీవీల్లో రోజూ వినిపిస్తుంది. అది చట్టంలో లేదు. ఎవరైనా ఆ మాట అంటే, ఎవరిచ్చారు అని ఒక్క ప్రశ్న వెయ్యండి. పార్టీ వేసుకున్న కమిటీ ఇచ్చిందా, పోలీసులు ఇచ్చారా, కోర్టు ఇచ్చిందా? సగం చిట్లు అక్కడే చిరిగిపోతాయి.

‘గౌరవప్రదంగా నిర్దోషి’ అన్న మాట కూడా చట్టంలో లేదు. సుప్రీంకోర్టే ఆ ముక్క చెప్పింది. గౌరవప్రదమైన విడుదల, నింద నుంచి పూర్తి విముక్తి లాంటి మాటలు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో గానీ పీనల్ కోడ్‌లో గానీ లేవనీ, తీర్పుల్లోంచే పుట్టుకొచ్చాయనీ 2012లో అంది. అది తమిళనాడు పోలీసు హెడ్ కానిస్టేబుల్ ఒకరి కేసు. బస్టాండులో ఒక మహిళతో అసభ్యంగా ప్రవర్తించాడని ఆరోపణ. ఆమె, భర్త ఇద్దరూ కోర్టులో అడ్డం తిరిగారు, అతను నిర్దోషిగా విడుదలయ్యాడు. శాఖ మాత్రం విచారణ జరిపి ఉద్యోగం తీసేసింది. ముఖ్యసాక్షులు మాట మార్చడం వల్ల వచ్చిన విడుదల గౌరవప్రదమైనది కాదు, శాఖ చేసిన డిస్మిస్సల్ సరైనదే అని సుప్రీంకోర్టు తేల్చింది. సాక్ష్యమంతా పూర్తిగా పరిశీలించాక ప్రాసిక్యూషన్ ఘోరంగా విఫలమైందని తేలితేనే ఆ మాట వర్తించవచ్చని అభిప్రాయపడింది.

ఆ తర్వాత 2023 డిసెంబరులో, రాజస్థాన్ కానిస్టేబుల్ ఒకరి కేసులో, అదే కోర్టు ఇంకో పక్కనుంచి మాట్లాడింది. ఎనిమిదో తరగతి మార్కుల కాగితంలో పుట్టినతేదీ దిద్దాడని అతని ఉద్యోగం తీసేశారు. క్రిమినల్ కేసులో అప్పీలు కోర్టు విడుదల చేసింది. సుప్రీంకోర్టు అన్నదేమిటంటే, ‘సంశయ లబ్ధి’, ‘గౌరవప్రదంగా’ లాంటివి మంత్రాలు కావు, ఆ మాట ఉందా లేదా అని చూసి ఆగిపోకూడదు, తీర్పు మొత్తం చదివి అందులో సారం ఏమిటో చూడాలి. చదివి, అతని మీద ఆరోపణే నిలబడలేదని తేల్చి, ఉద్యోగంలోకి తీసుకోమంది. మీ తమ్ముడు ఈ తీర్పును గుర్తుపెట్టుకోవాలి.

ఎందుకంటే మీరు పంపిన ఫొటోలు నేను మొత్తం చదివాను. ఊరంతా చదివింది చివరి పేరా ఒక్కటే. అందులో ‘సంశయ లబ్ధి’ ఉంది, ఇద్దరు హమాలీలు అడ్డం తిరిగారన్న సంగతీ ఉంది. ఇంతే చూస్తే తమిళనాడు కేసులాగే కనిపిస్తుంది. కానీ దానికి రెండు పేజీల ముందు చూడండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే మీ లాయరు అడిగిన ప్రశ్నలకు, ఆడిటర్ ఒప్పుకున్న విషయాలు జడ్జిగారు వరసగా రాశారు. తనిఖీకి ముందు రోజు పక్క ఊరి డిపోకు ట్రాక్టరు మీద పంపిన బస్తాలకు డెలివరీ చలానా ఉంది, కానీ స్టాక్ రిజిస్టరులో వాటిని తగ్గించి రాయలేదు. గోడౌన్‌కు రెండు తాళంచెవులున్నాయి, రెండోది మీ తమ్ముడి దగ్గర లేదు. తనిఖీ అప్పుడు మీ తమ్ముణ్ణి పిలవలేదు. ఒరిజినల్ రిజిస్టరు కోర్టుకు తేలేదు, జిరాక్సు తెచ్చారు. ఇవన్నీ చెప్పి జడ్జిగారు ఒక వాక్యం రాశారు: అసలు కొరత ఉన్నదన్న విషయమే రుజువు కాలేదని. అమ్మా, ఇది సందేహం కాదు. తీసింది ఎవరు అన్న ప్రశ్న దాకా కూడా వెళ్ళలేదు, బస్తాలు తగ్గాయనడానికే ఆధారం లేదన్నారు. సాక్షులు అడ్డం తిరిగినా తిరగకపోయినా ఆ చలానా చలానాయే. చివర్లో ‘సంశయ లబ్ధి’ అని రాయడం చాలా తీర్పుల్లో అలవాటుగా పడే ముగింపు. దానివల్ల ముందు పేజీల్లో రాసింది చెరిగిపోదు.

కాబట్టి ఆ పేరా కింద పెన్సిలుతో గీత పెట్టుకోండి. సర్టిఫైడ్ కాపీ మీద కాదు సుమా, జిరాక్సు మీద! సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు ఇప్పుడే తీసిపెట్టుకోండి, పాతబడ్డాక రికార్డు రూములో వెతికించుకోవడం పెద్ద పని.

అటెస్టేషన్ ఫారం దగ్గర మాత్రం ఎవరి సలహా వినొద్దు, కాలమ్‌లో ఏమడిగారో అది చదవండి. ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నమోదైందా’ అని ఉంటే జవాబు ‘అవును’. నిర్దోషి అయ్యాక కేసు లేనట్టేగా అని ‘లేదు’ అని రాసి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఆరోపణ వల్ల కాదు, దాచినందువల్ల. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి ఈ విషయాలన్నీ ఒక కొలిక్కి తెచ్చింది. నిజం చెప్పినా, అభ్యర్థి పూర్వాపరాలు చూసుకునే హక్కు ఉద్యోగం ఇచ్చేవాళ్ళకి ఉంటుంది. తీవ్రమైన నేరంలో సాంకేతిక కారణాల మీదో, సంశయ లబ్ధి మీదో విడుదలైతే ఆ వివరాలూ చూడొచ్చు. అందుకని తమ్ముడితో ఇలా రాయించండి: ‘అవును. ఫలానా స్టేషన్, క్రైం నంబరు ఇంత, ఫలానా కోర్టు, సీసీ నంబరు ఇంత, ఫలానా తేదీన సీఆర్‌పీసీ 248(1) కింద నిర్దోషిగా విడుదల. తీర్పు కాపీ జతచేశాను.’ ‘గౌరవప్రదంగా’ అని తనంతట తాను చేర్చొద్దు. తీర్పులో లేని మాట ఫారంలో కనిపిస్తే మిగతావి కూడా అనుమానంగా చదువుతారు. అలాగే ‘సంశయ లబ్ధి’ అని తనే ముందుకొచ్చి రాయక్కర్లేదు, కాపీ ఇస్తున్నాడు కదా. కాపీతో పాటు ఒక చిన్న విజ్ఞప్తి పెట్టి, కొరతే రుజువు కాలేదన్న పేరా నంబరు చూపిస్తే సరి. వెరిఫికేషన్‌కి వచ్చే కానిస్టేబుల్‌కి కూడా ఒక కాపీ ఇవ్వండి. స్టేషన్ రికార్డులో కేసు ఇంకా పెండింగ్ అని ఉండిపోవడం మామూలే.

పెళ్ళివారి దగ్గర ఇంత గొడవ అక్కర్లేదు. కానీ మధ్యవర్తి చేత చెప్పించొద్దు. ‘అబ్బే, ఏదో చిన్న కేసు, కొట్టేశారులెండి’ అని ఆయన తేల్చేస్తాడు, అమ్మాయి మేనమామ ఆ రాత్రే ఫోన్‌లో కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ తెరిచి పేరు కొడతాడు. మీరే, లేదా మీ నాన్నగారే, మొదటి సిట్టింగులోనే చెప్పండి. ‘అబ్బాయి మీద సంఘంలో బస్తాలు తగ్గాయని కేసు పెట్టారండీ. ఆరేళ్ళు తిరిగాం. నిర్దోషి అని కోర్టు చెప్పింది. తీర్పు కాపీ ఇదిగో, మీకు తెలిసిన లాయరుకు చూపించుకోండి.’ అంతే. సబ్‌జైలు సంగతి కూడా చెప్పాలి. మూడు నెలల తర్వాత ఎవరో చెబితే తెలియడం కన్నా మీ నోటితో వినడం వాళ్ళకి నయం. ఇంత చెప్పినా వెనక్కి తగ్గితే, అది మీకు కుదిరే సంబంధం కాదు.

ఫ్లెక్సీ మాత్రం వద్దు. మన రాజకీయ నాయకులు ఆ ముత్యాన్ని కడిగి కడిగి అరగదీశారు, బస్టాండులో అది చూసినవాడు నవ్వుకుంటాడు. అంతకన్నా ముఖ్యమైన భయం ఇంకోటుంది. మీ ఉత్తరంలో ఇక్కడ వేయని ఒకచోట, రెండో తాళంచెవి ఉన్నాయన పేరు కూడా ఫ్లెక్సీలో వేయిద్దామని నాన్నగారు అంటున్నట్టు రాశారు. మీ తమ్ముడు నిర్దోషి అయినంత మాత్రాన ఆయన దొంగ కాడు. ఆయన మీద ఎవరూ కేసు పెట్టలేదు, ఏ కోర్టూ ఏమీ తేల్చలేదు, పైగా కొరతే రుజువు కాలేదన్న తీర్పు పట్టుకుని తీసింది ఫలానా వాడు అని ఎలా అంటాం? ఆయన పరువునష్టం కేసు వేస్తే ఈసారి ముద్దాయి మీ నాన్నగారు. ఆరేళ్ళు మీ ఇంటి మీద పడ్డ నింద ఎలాంటిదో ఆయనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు! ఆ ఫ్లెక్సీ డబ్బులతో బంధువుల్ని పిలిచి సత్యనారాయణ వ్రతం చేసుకోమనండి. వచ్చినవాళ్ళు అడిగితే తీర్పు చూపించండి.

సంఘం ఉద్యోగం గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. కోర్టులో నిర్దోషి అయినంత మాత్రాన తీసేసిన ఉద్యోగం దానంతట అది తిరిగి రాదు. శాఖాపరమైన విచారణ వేరు, అక్కడ సందేహానికి తావులేని రుజువు అక్కర్లేదు, ఎక్కువ మొగ్గు ఎటుందో చూస్తారు. కానీ అదే ఆడిటర్, అదే రిజిస్టరు, అవే ఆరోపణల మీద తీసేసి ఉంటే మాత్రం, ఈ తీర్పు పెట్టి మళ్ళీ పరిశీలించమని అడగడానికి మంచి ఆధారం ఉంది. సంఘం నిబంధనలు చూసి లాయరుతో అర్జీ రాయించండి. సంఘం తిరిగి తీసుకోకపోయినా, ఆరోపణలు రుజువు కాలేదని ఒక కాగితం ఇస్తే, కొత్త ఉద్యోగానికి అది కోర్టు తీర్పు పక్కన బాగా పనికొస్తుంది.

తప్పుడు కేసు పెట్టినందుకు నష్టపరిహారం దావా వేద్దామా అని తమ్ముడు అన్నాడట. వేయొచ్చు. గడువు నిర్దోషిగా విడుదలైన రోజు నుంచి ఒక్క ఏడాదే. కానీ కేసు ఓడిపోయారని చూపిస్తే చాలదు, సరైన కారణం లేకుండా, దురుద్దేశంతో పెట్టారని మీరు రుజువు చేయాలి. ఈసారి రుజువు భారం మీ భుజాల మీద ఉంటుంది. రిజిస్టరు సరిగ్గా రాయకపోవడం అలసత్వమా, కుట్రా? తీర్పులో కుట్ర అన్న మాటెక్కడా లేదు. నన్నడిగితే, ఉద్యోగం ఖాయమయ్యేదాకా ఆ ఆలోచన పక్కన పెట్టండి. గడువు తేదీ మాత్రం క్యాలెండరులో రాసుకోండి.

ఇంకొకటి. ప్రభుత్వం ఈ తీర్పు మీద పై కోర్టుకు వెళ్ళొచ్చు, మామూలుగా అందుకు 90 రోజులు. తీర్పుకు ముందు తమ్ముడి చేత, జామీనుదారుల చేత 437-ఎ బాండు మీద సంతకాలు పెట్టించుకుని ఉంటారు. పై కోర్టు పిలిస్తే వస్తానని రాసిచ్చే కాగితం అది, ఆరు నెలలు అమల్లో ఉంటుంది. అది చూసి కేసు ఇంకా అయిపోలేదేమోనని టెన్షన్ పడకండి, నిర్దోషులైన ప్రతివాళ్ళ చేతా పెట్టిస్తారు. జామీను ఇచ్చిన మీ చిన్నాన్నగారి పొలం పాస్‌పుస్తకం కోర్టులోనే ఉండిపోయి ఉంటే, ఆ ఆరు నెలలూ దాటాక తిరిగివ్వమని ఒక పిటిషన్ వేయించండి. చాలామంది మర్చిపోతారు, తర్వాత బ్యాంకు లోను అవసరం వచ్చినప్పుడు వెతుక్కుంటారు.